లైనక్స్ బూట్ అవుతూ అప్పుడప్పుడు మాత్రమే క్రాష్ అవుతోందా? కారణం పట్టుకునేది ఇలా

"పది సార్లు ఆన్ చేస్తే తొమ్మిది సార్లు బాగానే లేస్తుంది, పదోసారి లోగో దగ్గరో నల్ల స్క్రీన్ మీదో ఆగిపోతుంది, బటన్ నొక్కి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా.

ప్రతిసారీ పడిపోయే మెషీన్‌ని పట్టుకోవడం తేలికే. అప్పుడప్పుడు పడిపోయేదే ఏడిపిస్తుంది, ఎందుకంటే మీరు ఏం మార్చినా, చివరికి ఏమీ మార్చకపోయినా, తర్వాతి బూట్ ఎలాగూ బాగానే వచ్చే ఛాన్సే ఎక్కువ, అది చూసి "ఆ సెట్ అయిపోయింది" అనుకుంటారు, నాలుగు రోజులకి మళ్లీ మొదలు. కాబట్టి ఇక్కడ చేయాల్సిన పనులు రెండే: పడిపోయినప్పుడు వచ్చిన మొదటి మెసేజ్ పట్టుకోవడం, ఎన్నిసార్లకి ఎన్నిసార్లు పడిపోతోందో లెక్క రాసుకోవడం. కింద ఉన్న స్టెప్పులన్నీ ఆ రెండింటి కోసమే.

ఇంకో మాట. కమాండ్లు, ఆప్షన్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టండి, మధ్యలో ఉన్న గీతలు, చుక్కలు, సమానం గుర్తులు ఉన్నవి ఉన్నట్టే. పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తా.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

వీడియో తీసే ఫోన్, పెన్నూ కాగితం (నిజంగా కాగితమే, ఎందుకంటే నోట్స్ ఉన్న మెషీనే కదా పడిపోతోంది), లైవ్ లైనక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచేది) వేసిన ఒక పెన్‌డ్రైవ్, మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ని పరీక్షించేది) వేసిన ఇంకో పెన్‌డ్రైవ్. వీలైతే పక్కన ఇంకో కంప్యూటర్. అన్నిటికంటే ముందు బ్యాకప్. మీరు ఇప్పుడు ఈ మెషీన్‌ని యాభై అరవై సార్లు రీస్టార్ట్ చేయబోతున్నారు, అందులో కొన్ని మధ్యలో పవర్ తీసేసేవి కూడా, ఫైల్‌సిస్టమ్‌కి ఏమైనా అయితే తర్వాత బాధపడి లాభం లేదు.

1. ఎక్కడ పడిపోతోందో తేల్చుకోండి

బూట్ అంటే ఒకరి తర్వాత ఒకరు పని అప్పగించుకోవడమే. ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్), దాని తర్వాత గ్రబ్ (ఏ సిస్టమ్‌ని లేపాలో ఎంచుకునే మెనూ), తర్వాత కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ), తర్వాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్క్ దొరికేదాకా ర్యామ్‌లో నడిచే చిన్న సిస్టమ్), అది రూట్ డిస్క్‌ని, అంటే సిస్టమ్ ఉన్న డిస్క్‌ని, మౌంట్ చేశాక (తెరిచి వాడకంలోకి తెచ్చాక) సిస్టమ్‌డీ (మిగతా సర్వీసులన్నీ మొదలుపెట్టేది). థియరీ ఇంతే, ఇంతకంటే అక్కర్లేదు.

గ్రబ్ మెనూ కూడా రాకుండా ఆగిపోతే (మెనూ దాగి ఉంటే ఎలా రప్పించాలో మూడో స్టెప్‌లో ఉంది) అది ఆపరేటింగ్ సిస్టమ్ సమస్య కాదు, ఆరో స్టెప్‌కి వెళ్లి, పాత కెర్నెల్ ముక్క వదిలేసి మిగతావి చేయండి. గ్రబ్ తర్వాత అక్షరం కూడా రాకుండా నల్లగా ఉండిపోతే కెర్నెల్ మరీ మొదట్లోనే పోయి ఉండొచ్చు, లేదా కెర్నెల్ బాగానే నడుస్తూ గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం స్క్రీన్‌ని ఆర్పేసి ఉండొచ్చు. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే కీబోర్డ్ మీద క్యాప్స్‌లాక్ నొక్కండి. లైట్ వెలిగి ఆరుతుంటే కెర్నెల్ బతికే ఉంది. నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే హ్యాంగ్. మీరు ముట్టుకోకుండానే లైట్లు వాటంతట అవే టిక్కుటిక్కుమని వెలిగి ఆరుతుంటే అది కెర్నెల్ పానిక్ (ఇక ముందుకెళ్లలేక కెర్నెల్ చేతులెత్తేయడం), స్క్రీన్ మీద ఏమీ కనబడకపోయినా సరే. అయితే ఈ లైట్ల టెక్నిక్ పాత పీఎస్2 కీబోర్డులకి, చాలా ల్యాప్‌టాప్‌లకి పనిచేస్తుంది గానీ యూఎస్‌బీ కీబోర్డ్ అయితే పానిక్‌లో లైట్లు రావు, అది చూసి పానిక్ కాదులే అనుకోకండి.

2. ఏమీ మార్చకుండా ఇరవై బూట్లు

ఇక్కడే అందరూ విసుక్కుంటారు. కానీ ఇది చేయకపోతే మిగతాదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. కాగితం మీద నాలుగు గడులు గీయండి: టైమ్, చల్లటి బూటా వేడి బూటా, లేచిందా లేదా, పడిపోతే స్క్రీన్ మీద ఆఖరి లైన్ ఏంటి.

చల్లటి బూట్ అంటే మెషీన్ పూర్తిగా ఆపి, ప్లగ్ కూడా తీసి, కనీసం అరగంట వదిలేసి ఆన్ చేసింది. వేడి బూట్ అంటే రీస్టార్ట్ కొట్టింది. ఇరవైలో సగం అవి, సగం ఇవి. ఈ ఒక్క గడే చాలాసార్లు సగం కేసు తేల్చేస్తుంది.

చల్లగా ఉన్నప్పుడే పడిపోతుంటే చూపు పవర్ సప్లై మీద, ర్యామ్ మీద, లేచి రెడీ అవడానికి ఎక్కువ టైమ్ తీసుకునే డిస్క్ మీద పెట్టండి. రీస్టార్ట్‌లో మాత్రమే పడిపోతుంటే, అంతకుముందు నడిచిన సిస్టమ్ ఏదో ఒక కార్డుని సరిగ్గా రీసెట్ చేయకుండా వదిలేసిందని అనుమానించండి. అదే మెషీన్‌లో విండోస్ కూడా ఉంటే, విండోస్ నుంచి వచ్చినప్పుడే లైనక్స్ పడిపోతోందేమో ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది అసలైన షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్. అది ఆఫ్ చేసి మళ్లీ లెక్క మొదలుపెట్టండి.

3. స్క్రీన్ చేత మాట్లాడించండి

మామూలుగా డిస్ట్రోలు (ఉబుంటు, డెబియన్ లాంటివి) కెర్నెల్ మెసేజ్‌లు దాచేసి లోగో చూపిస్తాయి. మనకి లోగో వద్దు.

ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయోస్ మెషీన్‌లో అయితే షిఫ్ట్) నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. కంగారులో ఎస్కేప్ రెండు మూడు సార్లు నొక్కేస్తే మెనూ పోయి గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది, భయపడకండి, అక్కడ నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే మెనూ తిరిగొస్తుంది. మెనూలో మీ లైన్ మీద ఉండి ఇ నొక్కండి. లైనక్స్ అన్న పదంతో మొదలయ్యే పొడుగాటి లైన్ ఉంటుంది (ఇకమీద కెర్నెల్ లైన్ అంటే ఇదే), దాని చివర్లో క్వైట్, స్ప్లాష్ అని ఉంటే తీసేసి, ఇవి చేర్చండి:

ఇగ్నోర్_లాగ్‌లెవెల్ పానిక్=0

మొదటిది అన్ని మెసేజ్‌లూ స్క్రీన్ మీదకి రప్పిస్తుంది, రెండోది పానిక్ అయ్యాక దానంతటదే రీస్టార్ట్ అవకుండా ఆపుతుంది. కంట్రోల్ ఎక్స్ లేదా ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, కాబట్టి తప్పు టైప్ చేసినా ఏం కాదు, మళ్లీ ఆన్ చేస్తే పాతదే వస్తుంది. కానీ మనకి అప్పుడప్పుడే వచ్చే క్రాష్ కావాలి కదా, ప్రతిసారీ ఇలా టైప్ చేయలేం, అందుకని /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో కూడా అదే మార్పు చేసి, ఉబుంటు, డెబియన్ వాళ్లు అప్‌డేట్-గ్రబ్ కమాండ్, మిగతావాళ్లు మీ డిస్ట్రో చెప్పిన గ్రబ్ కాన్ఫిగ్ కమాండ్ రన్ చేయండి. పాత ఫైల్ ఒక కాపీ ఉంచుకోండి.

ఇప్పుడు ఫోన్‌ని స్టాండ్‌కి పెట్టి ప్రతి బూట్‌నీ వీడియో తీయండి. చేత్తో ఫోటో తీద్దాంలే అనుకుంటే కావాల్సిన లైన్ పైకి జారిపోయాకే మీ వేలు బటన్ మీదకి వెళ్తుంది, నాది ఎప్పుడూ అంతే. ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే ఇంకా మంచిది. మెసేజ్‌లు మరీ వేగంగా పోతుంటే బూట్_డిలే=50 అని చేర్చి చూడండి, ఒక్కో మెసేజ్ తర్వాత 50 మిల్లీసెకన్లు ఆగుతుంది, అయితే మీ కెర్నెల్ ఆ సదుపాయంతో బిల్డ్ అయి ఉంటేనే.

గ్రాఫిక్స్ వల్ల స్క్రీన్ ఆరిపోతోందని అనుమానం ఉంటే నోమోడ్‌సెట్ చేర్చి చూడండి. దానితో క్రాష్ రావడమే మానేస్తే (ఒక్క బూట్‌లో కాదు, ముప్పై బూట్లలో) గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర వెతకండి. కొత్త కెర్నెల్స్‌లో, అంటే 6.10 నుంచి, గ్రాఫిక్స్ మోడ్‌లో ఉండగానే పానిక్ మెసేజ్ చూపించే సదుపాయం వచ్చింది, 6.12లో క్యూఆర్ కోడ్ కూడా చూపించే ఆప్షన్ పెట్టారు, కానీ డ్రైవరూ డిస్ట్రో రెండూ దాన్ని ఆన్ చేసి ఉండాలి. మీకు వస్తే అదృష్టమే.

ఒక హెచ్చరిక. క్వైట్ తీసేశాక క్రాష్ రావడమే మానేసిందా? సంతోషపడకండి. అన్ని మెసేజ్‌లు ప్రింట్ చేయడానికి టైమ్ పడుతుంది, ఆ ఆలస్యం వల్లే రెండు పనుల మధ్య రేస్ (ఏది ముందు ముగుస్తుందన్న పోటీ) తప్పిపోయి ఉండొచ్చు. అది బాగవడం కాదు, అదే ఒక క్లూ. "టైమింగ్ వల్ల" అని కాగితం మీద రాసుకుని ఏడో స్టెప్‌కి వెళ్లండి.

4. పోయిన లాగ్ ఎక్కడుందో వెతకండి

అందరూ చేసే తప్పు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. క్రాష్ అయ్యాక మళ్లీ లేచి, జర్నల్‌సీటీఎల్ -కె -బి -1 (సిస్టమ్ రాసుకునే లాగ్‌ని, అంటే జర్నల్‌ని, చూపించే కమాండ్) అని కొట్టి, వచ్చిన నాలుగు వందల లైన్లు నాకు పంపిస్తారు, అందులో ఏ తప్పూ ఉండదు. ఎందుకుంటుంది? మైనస్ 1 అంటే "ఇంతకుముందు రికార్డ్ అయిన బూట్". మీ మెషీన్ డిస్క్ మౌంట్ అవకముందే పోయింది, అంటే ఆ బూట్ జర్నల్‌లోకి ఎక్కనే లేదు. మీరు చూస్తున్నది అంతకుముందు రోజు శుభ్రంగా లేచిన బూట్.

చెక్ చేయడం తేలిక. జర్నల్‌సీటీఎల్ --లిస్ట్-బూట్స్ కొట్టి, వచ్చిన టైమ్‌లని మీ కాగితం మీద టైమ్‌లతో పోల్చండి. పడిపోయిన టైమ్ లిస్టులో లేకపోతే క్రాష్ డిస్క్ మౌంట్‌కి ముందే జరిగింది, ఉంటే తర్వాత జరిగింది. లాగ్ లేకపోవడం కూడా సమాచారమే. లిస్టులో ఈ రోజు బూట్ ఒక్కటే కనిపిస్తే మీ జర్నల్ ర్యామ్‌లోనే ఉండి ప్రతిసారీ చెరిగిపోతోందని అర్థం, /వార్/లాగ్/జర్నల్ అనే ఫోల్డర్ సృష్టించి ఒకసారి రీస్టార్ట్ చేయండి, అప్పటినుంచి డిస్క్ మీద నిలుస్తుంది.

డిస్క్ కంటే ముందే పోయే మెసేజ్‌లు పట్టుకోవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది పీస్టోర్. పానిక్ అయినప్పుడు కెర్నెల్ ఆఖరి మెసేజ్‌లని ఫర్మ్‌వేర్ మెమరీలో దాచిపెట్టగలదు. మళ్లీ లేచాక /సిస్/ఎఫ్ఎస్/పీస్టోర్ ఫోల్డర్‌లో చూడండి, అక్కడ ఖాళీగా ఉంటే /వార్/లిబ్/సిస్టమ్‌డీ/పీస్టోర్‌లో చూడండి, సిస్టమ్‌డీ అక్కడికి తరలించి ఉంటుంది. కొన్ని డిస్ట్రోల్లో ఇది ఆపేసి ఉంటుంది, ఈఎఫ్ఐ_పీస్టోర్.పీస్టోర్_డిజేబుల్=0 అని కెర్నెల్ లైన్‌కి చేర్చాలి. మరీ తొలి క్షణాల్లో పోతే ఇదీ పట్టుకోలేదు. ఫైళ్లు కాపీ చేసుకున్నాక పీస్టోర్ ఫోల్డర్‌లో మాత్రమే తుడవండి, ఫర్మ్‌వేర్‌లో చోటు చాలా తక్కువ. ఈఎఫ్ఐవార్స్ అనే ఫోల్డర్‌లో మాత్రం చెయ్యి పెట్టకండి, అక్కడ తెలియక తుడిచి మదర్‌బోర్డ్ అసలు లేవకుండా చేసుకున్నవాళ్లు ఉన్నారు.

రెండోది సీరియల్ కన్సోల్. పాతకాలం పద్ధతే గానీ ఇంతకంటే నమ్మకమైనది లేదు. డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ మీద కామ్ అని రాసిన పిన్నులు ఉంటే, అక్కడినుంచి పక్క కంప్యూటర్‌కి కేబుల్ వేసి, కెర్నెల్ లైన్‌లో కన్సోల్=టీటీవైఎస్0,115200 అనీ, దాని తర్వాత కన్సోల్=టీటీవై0 అనీ చేర్చండి (మొదటిదాంట్లో సున్నాకి ముందున్న ఎస్ పెద్దక్షరం). ఇంకా ముందునుంచి కావాలంటే ఎర్లీప్రింట్‌కె=సీరియల్,టీటీవైఎస్0,115200. ఇక్కడ జాగ్రత్త: మదర్‌బోర్డ్ కామ్ పిన్నుల్లో ఉండేది ఆర్ఎస్232 వోల్టేజ్, చిన్న బోర్డులకి వాడే టీటీఎల్ అడాప్టర్ తగిలిస్తే అడాప్టర్ కాలిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో అయితే ఈ బాధేం లేదు, సీరియల్ పోర్ట్‌ని ఫైల్‌కి మళ్లించుకోవచ్చు. సీరియల్ నెమ్మదిగా వెళ్తుంది, సెకనుకి సుమారు పదకొండున్నర వేల అక్షరాలే, కాబట్టి దీనివల్ల కూడా టైమింగ్ మారుతుందని గుర్తుంచుకోండి.

కేడంప్ (క్రాష్ అయినప్పుడు మెమరీలో ఉన్నది దాచిపెట్టేది) పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. అది మంచిదే గానీ సిస్టమ్ చాలావరకు లేచాకే అది రెడీ అవుతుంది, మన కేసుకి పనికిరాదు.

5. మెసేజ్ చదవండి, కానీ పైనుంచి

కెర్నెల్ పానిక్ అన్న ఆఖరి లైన్ మరణ ధృవీకరణ పత్రం లాంటిది, పోయాడని చెప్తుంది, ఎందుకు పోయాడో పైన ఉంటుంది. వీడియోని వెనక్కి తిప్పి, బగ్ అనో ఊప్స్ అనో (కెర్నెల్ తనలో తప్పు జరిగిందని చెప్పే మాటలు) వచ్చిన మొట్టమొదటి చోట ఆపండి. రెండోది, మూడోది వదిలేయండి, అవి మొదటిది పడిపోయినప్పుడు దాని మీద పడినవి. ఆ బ్లాక్‌లో ఆర్ఐపీ అని మొదలయ్యే లైన్‌లో ఫంక్షన్ పేరుంటుంది, చదరపు బ్రాకెట్లలో మాడ్యూల్ (విడిగా లోడ్ అయ్యే డ్రైవర్ ముక్క) పేరు ఉంటే అదే మీ మొదటి అనుమానితుడు. టెయింటెడ్ అని ఉండి పక్కన పెద్ద ఓ అక్షరం ఉంటే కెర్నెల్‌తో రాని బయటి డ్రైవర్ ఏదో లోడ్ అయిందని అర్థం, దాన్ని తీసేసి మళ్లీ లెక్కపెట్టండి.

బాగా తరచుగా కనిపించే మూడు (స్క్రీన్ మీద ఇంగ్లీష్‌లో ఉంటాయి):

రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేకపోయా, అన్‌నోన్ బ్లాక్ 0,0 అంటే కెర్నెల్‌కి డిస్క్ అసలు కనబడలేదు. అదే చోట 8,2 లాంటి నంబర్ ఉంటే ఆ పేరుతో డిస్క్ కనబడింది గానీ అందులో కావాల్సిన పార్టిషన్ తెరవలేకపోయింది.

ఇనిట్‌ని (కెర్నెల్ మొట్టమొదట నడిపే ప్రోగ్రామ్‌ని) చంపబోయారు అన్న పానిక్ పక్కన ఎగ్జిట్‌కోడ్ ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు, చదవండి. 0x0000000బి అంటే 11, సెగ్మెంటేషన్ ఫాల్ట్. అప్పుడప్పుడే వస్తుంటే ముందు ర్యామ్‌ని అనుమానించండి. 0x00000007 అంటే బస్ ఎర్రర్, చాలాసార్లు డిస్క్ నుంచి చదవలేకపోవడం వల్ల. 0x00007ఎఫ్00 అంటే 127, మామూలుగా లైబ్రరీ దొరక్కపోవడం, కానీ అది ప్రతిసారీ పడిపోతుంది, అప్పుడప్పుడు కాదు.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్‌లో వదిలేసి, ఫలానా యూయూఐడీ (ఒక్కో పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక నంబర్) లేదు అంటే ఇది క్రాష్ కూడా కాదు, డిస్క్ కోసం చూసి చూసి విసిగిపోయింది. పవర్ బటన్ నొక్కేయకండి! అక్కడే క్యాట్ /ప్రాక్/పార్టిషన్స్ కొట్టండి. మీ డిస్క్ ఇప్పుడు కనబడుతోందా? అయితే ఎగ్జిట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. సిస్టమ్ మామూలుగా లేచిపోతే కేసు తేలిపోయింది, డిస్క్ ఆలస్యంగా వస్తోంది, ఇక ర్యామ్‌లూ డ్రైవర్లూ వెతకడం మానేసి ఏడులోకి వెళ్లండి.

6. హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా

ముందు ఖర్చూ శ్రమా లేనిది: గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చేయడం. పాత దాంతో ముప్పై సార్లు శుభ్రంగా లేచి, కొత్త దాంతో పదిలో రెండుసార్లు పడిపోతే మీ హార్డ్‌వేర్‌ని వదిలేయండి.

రెండింటితోనూ పడిపోతుంటే, ఫర్మ్‌వేర్ సెటప్‌లో ఓవర్‌క్లాక్, ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగ్) ఉంటే ఆఫ్ చేయండి. "కొన్నప్పటినుంచీ ఆన్‌లోనే ఉంది, ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా" అంటారు. ఉండొచ్చు, ఆఫ్ చేసి చూడండి. తర్వాత కీబోర్డ్ తప్ప యూఎస్‌బీలన్నీ పీకేయండి, హబ్‌తో సహా.

మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడవనివ్వండి, కనీసం నాలుగు పాస్‌లు. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐలో కూడా నేరుగా నడుస్తుంది, పాత పెన్‌డ్రైవ్ బూట్ అవకపోతే కొత్తది వేసుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ ఫెయిలే, "ఒక్కటే కదా" అనేది లేదు. ఎర్రర్ రాకపోతే మాత్రం ర్యామ్ నూటికి నూరుపాళ్లు మంచిదని కాదు, వేడెక్కిన ర్యామ్‌ని పరీక్షించారు మీరు, పడిపోయేది చల్లగా ఉన్నప్పుడైతే టెస్ట్‌ని కూడా పొద్దున్నే చల్లటి మెషీన్ మీద మొదలుపెట్టండి. రెండు స్టిక్‌లుంటే ఒక్కోటి విడిగా పెట్టి బూట్లు లెక్కపెట్టడం ఇంకా మంచి పరీక్ష.

7. టైమింగ్ కేసులు

నా అనుభవంలో "హార్డ్‌వేర్ పోయింది" అనుకున్న వాటిలో చాలా ఇక్కడే తేలాయి. నాదే చెప్తా. పాత డెస్క్‌టాప్, నేను సొంతంగా బిల్డ్ చేసుకున్న కెర్నెల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ లేదు. ఏడెనిమిది బూట్లకోసారి పానిక్. ర్యామ్ తీసి పిన్నులు రబ్బరుతో తుడిచి పెట్టా, లేచింది, వారం బాగుంది, మళ్లీ పానిక్, మళ్లీ తుడిచా, మళ్లీ లేచింది. ఇలా మూడుసార్లు. రబ్బరే అరిగింది. చివరికి వీడియో తీసి ఆపి చూస్తే, పానిక్ పైన కెర్నెల్ తనకి కనబడిన పార్టిషన్ల లిస్ట్ ప్రింట్ చేసింది, అందులో ఎస్‌డీఏ పక్కన సైజ్ నా సిస్టమ్ డిస్క్‌ది కాదు, పాటలు సినిమాలు దాచుకునే రెండో హార్డ్ డిస్క్‌ది! రెండు డిస్క్‌లు ఏది ముందు లేస్తే దానికి ఎస్‌డీఏ పేరు వస్తోంది, నేను కెర్నెల్ లైన్‌లో రూట్=/డెవ్/ఎస్‌డీఏ2 అని రాసి పెట్టా. ర్యామ్ పాపం ఏ తప్పూ చేయలేదు.

కాబట్టి క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్ కొట్టి మీ రూట్ ఎలా రాసుందో చూడండి. డిస్క్ పేరుతో ఉంటే బిఎల్‌కెఐడీ కమాండ్‌తో నంబర్ తెలుసుకుని మార్చండి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఉంటే యూయూఐడీ, లేకపోతే పార్ట్‌యూయూఐడీ వాడాలి (రెండూ పెద్దక్షరాల్లో), ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని కెర్నెల్ ఒంటరిగా చదవలేదు. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కూడా అలాగే సరిచేయండి. పేరు సరిగ్గానే ఉండి డిస్క్ ఆలస్యమైతే రూట్‌డిలే=10 చేర్చి లెక్కపెట్టండి. దాంతో బాగుపడితే డిస్క్ కేబుల్, పవర్ కేబుల్ కూడా ఒకసారి మార్చి చూడండి, నిన్నటిదాకా లేని ఆలస్యం ఇవాళ ఎందుకొచ్చిందన్నది కూడా ప్రశ్నే కదా.

డిస్క్ కాకపోతే, ఇవి ఒక్కోటి విడిగా వేసి చూడండి:

మ్యాక్స్‌సీపీయూస్=1 వేస్తే ఒక్క సీపీయూతోనే బూట్ అవుతుంది. దీంతో క్రాష్ పోతే రెండు సీపీయూల మధ్య రేస్ అయ్యే అవకాశం ఎక్కువ.

నోకేఏఎస్ఎల్ఆర్ వేస్తే కెర్నెల్ ప్రతిసారీ ఒకే అడ్రస్‌లో కూర్చుంటుంది. మామూలుగా సెక్యూరిటీ కోసం ప్రతి బూట్‌కీ చోటు మారుస్తుంది, 4.12 నుంచి ఎక్స్86లో ఇది డీఫాల్ట్. దీంతో క్రాష్ పూర్తిగా పోయినా, లేదా ప్రతిసారీ రావడం మొదలైనా, మెమరీలో ఒక చోటుతోనే తగాదా అని తెలుస్తుంది. ప్రతిసారీ రావడం మొదలైతే పండగే, ఇక పట్టుకోవడం తేలిక. పరీక్ష అయ్యాక మాత్రం తీసేయండి.

ఇనిట్‌కాల్_డీబగ్ వేస్తే ఏ డ్రైవర్ ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో ప్రింట్ అవుతుంది. మొదలై ముగియనిది ఎవరో చూడండి. అది మాడ్యూల్ అయితే మాడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్= పక్కన దాని పేరు పెట్టి బూట్ చేయండి. డిస్క్ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్ చేసి "ఇప్పుడు అసలు లేవట్లేదు" అనకండి, అది అంతే.

ఒక బూట్‌కి ఒక్క మార్పే. మూడు కలిపి వేసి బాగుపడితే మీకేమీ తెలియనట్టే.

8. రీస్టార్ట్‌లు మెషీన్‌కే అప్పగించండి

నూటికోసారి వచ్చే క్రాష్‌ని చేత్తో పట్టలేరు. సిస్టమ్‌డీలో చిన్న సర్వీస్ రాయండి: లేవగానే టైమ్‌ని ఒక ఫైల్‌లో చేర్చాలి, సింక్ కొట్టాలి (రాసింది వెంటనే డిస్క్ మీదకి చేరడానికి), 60 సెకన్లు ఆగాలి, రీబూట్ అవ్వాలి. ఆ ఆగే 60 సెకన్లు తప్పనిసరి, లేకపోతే దాన్ని ఆపడానికి మీకే టైమ్ దొరకదు. ఇంకా, /ఈటీసీ/ఆపు లాంటి పేరుతో (ఇంగ్లీష్‌లోనే) ఒక ఫైల్ ఉంటే రీబూట్ అవ్వకూడదు అన్న షరతు కూడా పెట్టండి, అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో వచ్చి అయినా ఆపొచ్చు. పానిక్=0 బదులు ఈ పరీక్షకి మాత్రం పానిక్=15 పెట్టండి, పడిపోయినా పదిహేను సెకన్లకి తనే లేస్తుంది.

పడిపోయినవి ఎలా లెక్కపెట్టాలి, అవి ఫైల్‌లో రాయవు కదా? టైమ్‌ల మధ్య గ్యాప్ చూడండి. మంచి బూట్‌లు 95 సెకన్ల తేడాతో వరుసగా వస్తూ మధ్యలో ఒకచోట 130 వచ్చిందంటే అక్కడ ఒకటి పడిపోయి లేచింది. పొద్దున వచ్చేసరికి మెషీన్ గడ్డకట్టి ఉంటే అది పానిక్ కాదు హ్యాంగ్, అది కూడా రాసుకోండి. ఇవన్నీ వేడి బూట్‌లే అని మర్చిపోకండి, చల్లటి బూట్‌లో మాత్రమే పడిపోయే మెషీన్‌కి ఈ పద్ధతి రాత్రంతా నడిచినా ఏమీ చూపించదు.

9. నిజంగా బాగుపడిందా

పదికోసారి పడిపోయే మెషీన్, మీరు ఏమీ చేయకపోయినా, వరుసగా పది బూట్‌లు శుభ్రంగా లేచే అవకాశం 35 శాతం. అంటే మూడింట ఒకరికి ఊరికే "బాగైపోయింది" అనిపిస్తుంది. లెక్క తేలిగ్గా గుర్తుండాలంటే, ఎన్నింటికి ఒకసారి పడిపోతోందో దానికి మూడు రెట్లు. పదికోసారి అయితే 30 బూట్‌లు, అయిదుకోసారి అయితే 15, యాభైకోసారి అయితే 150. అన్నీ వరుసగా లేవాలి, మధ్యలో ఒక్కటి పడినా లెక్క సున్నా నుంచి.

అంతటితో ఆపకండి. చేసిన మార్పుని వెనక్కి తీసేసి చూడండి, క్రాష్ తిరిగి రావాలి. తిరిగి రాకపోతే మీ మార్పు వల్ల బాగుపడలేదు, ఇంకేదో మారింది, ఎండాకాలం వచ్చి ఉండొచ్చు, మీరు తీసి పెట్టినప్పుడు కేబుల్ సరిగ్గా కూర్చుని ఉండొచ్చు. వచ్చిందా, మార్పు మళ్లీ పెట్టండి, అప్పుడు నమ్మొచ్చు.

కెర్నెల్ బిల్డ్ చేయగలిగి గిట్ బైసెక్ట్ (కోడ్‌లో ఏ మార్పుతో, అంటే ఏ కమిట్‌తో, చెడిందో ప్రతిసారీ సగానికి కోస్తూ వెతకడం) చేసేవాళ్లకి కూడా ఇదే. వెయ్యి కమిట్‌లు పది మెట్లలో తేలిపోతాయి నిజమే, కానీ "బ్యాడ్" అనడానికి ఒక్క క్రాష్ చాలు, "గుడ్" అనడానికి ముప్పై బూట్‌లు కావాలి. తొందరపడి ఒక్క తప్పుడు గుడ్ పెట్టారంటే మిగతా మెట్లన్నీ తప్పుదారే.

విండోస్ వాళ్లకి రెండు ముక్కలు

లెక్కపెట్టే పద్ధతి అంతా అదే. క్రాష్ కాగానే రీస్టార్ట్ అవడాన్ని సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ఆఫ్ చేయండి, క్రాష్ స్క్రీన్ మీద స్టాప్ కోడ్ నిలబడుతుంది. 0x7బి అంటే బూట్ డిస్క్ అందలేదు, 0x124 అంటే హార్డ్‌వేరే తప్పు రిపోర్ట్ చేసింది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ లాగ్ టిక్ పెడితే విండోస్ ఫోల్డర్‌లో ఎన్‌టీబీటీలాగ్ అనే ఫైల్‌లో లోడ్ అయిన డ్రైవర్లు రాసి పెడుతుంది. మినీడంప్ ఫోల్డర్ ఖాళీగా ఉందని క్రాష్ కాలేదనుకోకండి, మరీ ముందే పోతే డంప్ రాయడానికి దానికి డిస్క్ చేతిలో ఉండదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 చూపించి "పవర్ సప్లై పోయింది" అనేవాళ్లు చాలామంది, అది సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని చెప్పే లైన్ మాత్రమే, ఎందుకో చెప్పదు.

ఇంతా చేసినా తేలకపోతే

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ఇవి పంపండి: ఎన్ని బూట్‌లలో ఎన్ని పడిపోయాయి, అందులో చల్లటివి ఎన్ని వేడివి ఎన్ని, మొదటి ఊప్స్ మొత్తం కనబడే ఫోటో (సగం కోసింది కాదు), కెర్నెల్ వెర్షన్, కెర్నెల్ లైన్, ఎప్పటినుంచి మొదలైంది, దానికి వారం ముందు ఏం మార్చారు. "ఏమీ మార్చలేదు" అని రాసేముందు /వార్/లాగ్‌లో ప్యాకేజీ మేనేజర్ లాగ్ తెరిచి ఆ వారం ఏమేం అప్‌డేట్ అయ్యాయో ఒకసారి చూడండి, నేను అడిగిన ప్రతిసారీ అక్కడ ఏదో ఒకటి ఉంది.